పీటర్ ఐర్‌డేల్ ఓడ శిథిలం చూడాలంటే: ముందు ఆటుపోట్ల పట్టిక, తర్వాతే కారు తాళాలు

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో, బీవర్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు సముద్రం అనగానే కానన్ బీచ్‌కి బయల్దేరతారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా అక్కడికే తీసుకెళ్తారు. అక్కణ్నించి ఇంకో గంటలోపే ఉత్తరానికి వెళ్తే, 1906లో ఒడ్డుకెక్కిన ఓడ ఇప్పటికీ ఇసుకలో నిలబడి ఉంటుంది. పేరు పీటర్ ఐర్‌డేల్. టికెట్ లేదు, గైడ్ లేడు, చుట్టూ కంచె లేదు. నీళ్లు తీసి ఉన్నప్పుడు నడిచి వెళ్లి ఓడ చుట్టూ తిరగొచ్చు.

ఆ "నీళ్లు తీసి ఉన్నప్పుడు" అన్న మాటలోనే అసలు విషయమంతా ఉంది. ఇక్కడికి వచ్చి "ఇంతేనా" అనుకుంటూ పది నిమిషాల్లో తిరిగి కారెక్కేవాళ్లలో చాలామంది పోటు సమయంలో వచ్చినవాళ్లే. తుప్పు పట్టిన ఇనుము చుట్టూ నురగ, దగ్గరికి పోలేరు, చలిగాలి. అదే చోటికి ఆరు గంటలు అటో ఇటో వస్తే పూర్తిగా వేరే దృశ్యం. అందుకే ఈ ప్రయాణంలో మొదట చూడాల్సింది సెలవు రోజో, వాతావరణమో కాదు, నీటి మట్టం.

ఏం చూడబోతున్నారో ముందే తెలుసుకోండి

పెద్ద ఓడను ఊహించుకుని వెళ్లకండి. మిగిలింది ముందు భాగం, అంటే ఓడ ముక్కు, కొన్ని పక్కటెముకలు, ఇసుకలోంచి తల ఎత్తే తెరచాప స్తంభాల మొదళ్లు. అంతే. కానీ అది ఎంత పెద్ద ఓడలో మిగిలిన ముక్కో తెలిస్తే చూపు మారుతుంది.

ఇంగ్లాండ్‌లోని మేరీపోర్ట్‌లో 1890లో కట్టిన నాలుగు స్తంభాల తెరచాప ఓడ ఇది. ఇనుప చట్రం మీద ఉక్కు రేకులు బిగించి కట్టారు. పొడవు 285 అడుగులు. మీరు చూసే ముక్కు దగ్గర నుంచుని, ఒక ఫుట్‌బాల్ మైదానం పొడవుకి కాస్త తక్కువ దూరం ఇసుక మీద నడిచి చూడండి, ఓడ ఎంత ఉండేదో కాళ్లకే తెలుస్తుంది. పిల్లలతో ఈ పని తప్పకుండా చేయించండి. అడుగులు లెక్కపెట్టమంటే ఉత్సాహంగా పరిగెడతారు.

1906 సెప్టెంబరులో మెక్సికోలోని సలీనా క్రూజ్ నుంచి ఖాళీగా బయల్దేరింది. ఖాళీ అంటే సరుకు లేకుండా, నిలకడ కోసం వెయ్యి టన్నుల బరువు మాత్రం అడుగున వేసుకుని. పోర్ట్‌లాండ్‌లో గోధుమలు ఎక్కించుకుని బ్రిటన్ వెళ్లాలి. అక్టోబరు 25 తెల్లవారుజామున 3 గంటల 20 నిమిషాలకు టిల్లమూక్ రాక్ లైట్‌హౌస్ దీపం కనిపించింది. కెప్టెన్ లారెన్స్ అక్కడి నుంచి కొలంబియా నది ముఖద్వారం వైపు ఓడను తిప్పాడు. దట్టమైన మంచు, ఎక్కుతున్న పోటు, పడమటి నుంచి బలమైన గాలి. ఒడ్డు మరీ దగ్గరైందని గ్రహించి ఓడను వెనక్కి మళ్లించబోయేలోపే వాయవ్యం నుంచి ఒక్కసారిగా విరుచుకుపడిన గాలి దాన్ని క్లాట్సాప్ ఇసుక మీదికి నెట్టేసింది. ఆ దెబ్బకి తెరచాప స్తంభాలు విరిగిపడ్డాయి. దగ్గర్లోని హామండ్ ఊరి నుంచి రక్షణ పడవ వచ్చింది. ఓడలో ఉన్న 27 మందిలో ఒక్కరూ చనిపోలేదు. ఆ 27 మందిలో ఇద్దరు టికెట్ లేకుండా దొంగచాటుగా ఎక్కినవాళ్లు!

కెప్టెన్ ఓడ దిగాక దానికి సెల్యూట్ కొట్టి, దేవుడు నిన్ను చల్లగా చూడాలి, నీ ఎముకలు ఈ ఇసుకలో తెల్లబడాలి అని దీవించాడని ఇక్కడ చెప్పుకుంటారు. ఎముకలు తెల్లబడలేదు గానీ ఎర్రగా తుప్పు పట్టి అక్కడే ఉన్నాయి. తర్వాత దగ్గర్లోని ఆస్టోరియా ఊళ్లో బ్రిటిష్ అధికారులు విచారణ జరిపి, కెప్టెన్ తప్పేమీ లేదని తేల్చారు.

ఓడ ఒళ్లు అప్పటికి పెద్దగా దెబ్బతినలేదు. మళ్లీ సముద్రంలోకి లాగేద్దామనే అనుకున్నారు. మంచి వాతావరణం కోసం వారాల తరబడి కాచుకుని కూర్చునేలోపు ఓడ ఎడమవైపు ఒరిగి ఇసుకలో కూరుకుపోయింది. చివరికి తుక్కు కింద అమ్మేశారు. 2020 అక్టోబరులో వాయుగుండం దెబ్బకి బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎంవీ మా విశాఖ తెన్నేటి పార్కు ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు చూడటానికి ఊరు ఊరంతా కదిలింది కదా. ఇక్కడా అదే జరిగింది. ఓడ ఒడ్డెక్కిన మర్నాటి నుంచే జనం రావడం మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆగలేదు.

మొదటి పని: ఆటు సమయం పట్టుకోవడం

ఇదొక్కటి ఓపిగ్గా చదవండి. మిగతావి పైపైన చూసినా ఫర్వాలేదు.

ఒరెగాన్ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. పోటుకీ ఆటుకీ మధ్య నీటి మట్టంలో సుమారు ఎనిమిది అడుగుల తేడా ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఇంకా ఎక్కువ. మన విశాఖ, కాకినాడ తీరాల్లో ఇందులో సగం ఉంటే గొప్ప, కాబట్టి అక్కడ పెరిగినవాళ్లకి ఇది అలవాటు లేని సంగతి. అక్కడ అల ఎంత దూరం వస్తుందో కాస్త చూస్తే అంచనా దొరుకుతుంది. ఇక్కడ మీరు మధ్యాహ్నం కూర్చున్న చోటు సాయంత్రానికి నడుం లోతు నీళ్లలో ఉండొచ్చు.

సముద్రం, వాతావరణం సంగతులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా (NOAA) వెబ్‌సైట్‌లో ఆటుపోట్ల పట్టిక ఉచితంగా దొరుకుతుంది. అందులో హామండ్ స్టేషన్ తీసుకోండి. చాలామంది ఊరి పేరు తెలుసు కదా అని ఆస్టోరియా పట్టిక చూస్తారు. ఆస్టోరియా నది లోపలికి ఉంది, సముద్రపు పోటు అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. ఆ పట్టిక నమ్ముకుని వస్తే, ఆటు ఇంకా రాలేదనుకుంటారు గానీ ఓడ దగ్గర అప్పటికే నీళ్లు తిరుగుముఖం పట్టి ఉంటాయి. పట్టికలో సమయం స్థానిక కాలమానంలో, వేసవి గంట మార్పుతో సహా చూపిస్తోందో లేదో కూడా చూసుకోండి.

పట్టికలో సమయం పక్కన అడుగుల్లో ఒక అంకె ఉంటుంది. మీకు కావలసింది ఆ అంకె. సున్నా లేదా మైనస్ ఉంటే పండగే, స్తంభాల మొదళ్లు, పక్కటెముకల వరుస అన్నీ బయటపడతాయి. రెండు అడుగులలోపు ఉంటే ఓడ చుట్టూ హాయిగా తిరగొచ్చు. మూడు, నాలుగు దాటిందంటే పాదాలు తడవకుండా చూడటం కష్టం, ఆరేడు ఉంటే దూరం నుంచి ఫొటో తీసుకుని రావడమే. ఇవి నేను పెట్టుకున్న కొలతలు. ఇసుక మట్టం కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఒక అడుగు అటూ ఇటూ అవుతుంది.

ఇంకో మెలిక ఉంది. రోజులో వచ్చే రెండు ఆటులూ సమానం కాదు. ఒకదానికీ మరోదానికీ రెండు మూడు అడుగుల తేడా రావచ్చు. వేసవిలో బాగా లోతుగా తీసే ఆటు తెల్లవారుజామునో ఉదయమో వస్తుంది. చలికాలంలో అదే సాయంత్రానికి, ఒక్కోసారి చీకటి పడ్డాకకి మారుతుంది. అందుకే "సూర్యాస్తమయం, నీళ్లు బాగా తీసిన ఓడ, వారాంతం" మూడూ ఒకేసారి కావాలంటే ఏడాదిలో కొన్ని రోజులే దొరుకుతాయి. జూన్ నెలాఖరులో సూర్యుడు రాత్రి 9 దాటాక గాని అస్తమించడు, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి. ఆటు రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ వస్తుంది. ఈ శనివారం కుదరకపోతే వచ్చే శనివారం చూడండి, పరిస్థితి దాదాపు తలకిందులవుతుంది.

సమయం దొరికాక, ఆ సమయానికి గంటో గంటన్నరో ముందే ఓడ దగ్గర ఉండేలా బయల్దేరండి. అప్పుడు మీరు చూస్తున్నంతసేపూ నీళ్లు వెనక్కి పోతూనే ఉంటాయి. ఆటు దాటి అరగంటయ్యాక వెనక్కి రావడం మొదలుపెట్టండి.

ఏ నెలలో వెళ్లాలి

నా ఓటు సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం. జూలై, ఆగస్టుల్లో హిల్స్‌బరోలో ఎండ మండుతుంటే తీరం చల్లగా ఉంటుందని పరిగెత్తుతారు, నిజమే, కానీ సరిగ్గా ఆ ఎండే సముద్రపు మంచును ఒడ్డుకు లాగుతుంది. ఇంటి దగ్గర 35 డిగ్రీలు, ఓడ దగ్గర పొగమంచు, స్వెట్టర్! మధ్యాహ్నాలు వాయవ్యపు గాలి ఇసుకను మొహాన కొడుతుంది.

చలికాలానికి ఒక లాభం ఉంది. తుఫాను అలలు ఒడ్డు ఇసుకను కోసుకుపోతాయి కాబట్టి, వేసవిలో ఇసుక కింద దాక్కున్న భాగాలు బయటపడతాయి. ఒకసారి వేసవిలో చూసినవాళ్లు మళ్లీ ఫిబ్రవరిలో చూస్తే వేరే ఓడేమో అనుకుంటారు. అయితే ప్రమాదకరమైన అలలు ఎక్కువగా వచ్చేది కూడా అప్పుడే. చిన్నపిల్లలతో అయితే చలికాలం వద్దు.

దారి

హిల్స్‌బరో నుంచి 26వ నంబరు హైవే పట్టుకుని పడమటికి వెళ్తే, కొండలు దాటి సీసైడ్‌కి కాస్త దక్షిణాన 101వ నంబరు హైవేలో కలుస్తుంది. అక్కడ ఎడమకి తిరిగితే కానన్ బీచ్, మీరు ఉత్తరానికి వెళ్లాలి. సీసైడ్, గేర్‌హార్ట్ దాటి వారెంటన్ వైపు వెళ్తుంటే ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్క్ బోర్డులు మొదలవుతాయి. ఓడ ఆ పార్కులోనే ఉంది. పార్కు దగ్గరకొచ్చాక పీటర్ ఐర్‌డేల్ రోడ్ అని ఓడ పేరుతోనే రోడ్డు ఉంది, అది తిన్నగా ఒడ్డున ఉన్న పార్కింగ్‌లోకి వెళ్తుంది. పోర్ట్‌లాండ్ నుంచి మొత్తం సుమారు రెండు గంటలు. వేసవి వారాంతాల్లో సీసైడ్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోతుంది కాబట్టి ఇంకో ముప్పావుగంట కలుపుకోండి. ఆటు మీకోసం ఆగదు. సియాటిల్ నుంచి వచ్చేవాళ్లకి మూడున్నర గంటలు. లాంగ్‌వ్యూ దగ్గర నది దాటి 30వ నంబరు హైవే మీద ఆస్టోరియా మీదుగా రావచ్చు.

26 మీద కొండల్లో ఫోన్ సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆటు పట్టికను కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. చలికాలంలో ఘాట్ మీద మంచు గడ్డకడుతుంది, బయల్దేరే ముందు ఒరెగాన్ రవాణా శాఖ వారి ట్రిప్‌చెక్ సైట్‌లో రోడ్డు కెమెరాలు చూసుకోవడం మంచిది.

పార్కులో రోజువారీ పార్కింగ్ రుసుము ఉంటుంది. ఈ రేట్లు ఈమధ్య పెంచారు కూడా, కాబట్టి పాత రేటు మనసులో పెట్టుకోకుండా అక్కడి బోర్డు చదివి కట్టండి, రసీదు అద్దం దగ్గర కనిపించేలా పెట్టండి. తరచూ తీరానికి వెళ్లే కుటుంబమైతే ఏడాది పాస్ గిట్టుబాటవుతుంది.

ఓడకు దక్షిణం వైపు ఒడ్డు మీద కార్లు నడపనిస్తారు. ట్రక్కులు జోరుగా పోతుంటే మనకీ సరదా పుడుతుంది. కామ్రీ, అకార్డ్ లాంటి మామూలు కార్లతో ఆ సరదా వద్దు. దిగే చోట ఉండే పొడి ఇసుకలో చక్రం కూరుకుపోతే, పోటు వచ్చేలోపు లాగే ట్రక్కు కోసం ఫోన్లు చేసుకుంటూ పడే టెన్షన్ మామూలుగా ఉండదు. పార్కింగ్ నుంచి ఓడకి నడక దూరమే.

ఏం వేసుకోవాలి, ఏం తినాలి

ఇంట్లో ఎండ చూసి మోసపోకండి. గాలి ఆపే జాకెట్, చెవులు మూసే టోపీ వేసవిలో కూడా కారులో ఉండాలి. కాళ్లకి మడమ మూసే బూట్లు. చెప్పులతో ఓడ దగ్గరికి వెళ్లొద్దు, ఇసుకలో కనపడకుండా తుప్పు రేకుల అంచులు ఉంటాయి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేనివాళ్లు ఆ ఇనుమును చేత్తో తడమకపోవడమే మేలు. అమ్మ చీరలోనే వస్తానంటే రానివ్వండి, కానీ కింద సాక్సులూ స్పోర్ట్స్ షూసూ వేయించి, పైన జాకెట్ తొడిగించండి. ఫొటోలో ఎలా ఉంటుందోనని ఆవిడ సణుగుతారు, ఐదు నిమిషాలు గాలి తగిలాక సర్దుకుంటారు.

పెద్దవాళ్లకి కష్టమనిపించేది దిబ్బ దాటేటప్పుడు ఉండే మెత్తని పొడి ఇసుక. అది దాటితే తడి ఇసుక గట్టిగా, రోడ్డులా ఉంటుంది. మోకాళ్ల నొప్పులు ఉంటే చేతికర్ర ఇవ్వండి. అసలు నడవలేనివాళ్లకి ఇసుక మీద నడిచే చక్రాల కుర్చీ దొరుకుతుందేమో రెండు మూడు రోజుల ముందే పార్కు ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి.

భోజనానికి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లడం ఉత్తమం. కానీ ఒడ్డున విప్పొద్దు, గాలికి ఇసుక కలిసి పంటి కింద కరకరలాడుతుంది. పార్కు లోపలే కాఫెన్‌బరీ అనే చెరువు ఉంది. చెట్ల నీడలో గాలి తగలకుండా కూర్చుని తినొచ్చు. శాకాహారం పట్టింపు లేనివాళ్లు ఆస్టోరియాలో అల్బకోర్ ట్యూనా చేపతో వేసే ఫిష్ అండ్ చిప్స్ రుచి చూడాలి. పై పిండిలో బీరు కలుపుతారు, అది పట్టింపైతే ముందే అడగండి.

ఓడ దగ్గర: అలకి వీపు చూపించొద్దు

ఒడ్డుకి చేరగానే తిన్నగా ఓడ దగ్గరికి పోకుండా దూరంగా ఒక ఇరవై నిమిషాలు నుంచుని అలలు చూడండి. ఎందుకంటే ఈ తీరంలో స్నీకర్ వేవ్స్ అని ఉంటాయి. పావుగంట, ఇరవై నిమిషాలు చిన్న చిన్న అలలు వచ్చి, ఉన్నట్టుండి ఒకటి మిగతావాటికంటే చాలా పైకి దూసుకొస్తుంది. ఎక్కడో వేల మైళ్ల దూరంలో తుఫాను పుట్టించిన పొడవాటి అలలు ఇవి. ఇక్కడ ఎండ కాస్తూ ఆకాశం ప్రశాంతంగా ఉన్నా వస్తాయి. అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు ఎక్కువ. జాతీయ వాతావరణ సంస్థ హెచ్చరిక ఇచ్చిన రోజున ప్రయాణం మానుకోండి, ఆటు ఎంత బాగున్నా సరే.

నీళ్లు ఏడాది పొడవునా పది నుంచి పదమూడు డిగ్రీల మధ్యే ఉంటాయి. మన రామకృష్ణా బీచ్‌లోలా ప్యాంటు మడిచి మోకాళ్ల వరకు దిగి ఆడుకునే సముద్రం కాదిది. ఒక అల పడగొట్టిందంటే చలికి కండరాలు బిగుసుకుని, ఈత వచ్చినవాళ్లకీ చేతులు ఆడవు.

దుంగల గురించి విడిగా చెప్పాలి. ఒడ్డున పెద్ద పెద్ద చెట్టు మానులు పడి ఉంటాయి. పిల్లలు ఎక్కి ఫొటోలు దిగాలంటారు. జానెడు నీళ్లు వచ్చినా ఆ మాను తేలి దొర్లుతుంది, కింద మనిషి పడితే అంతే సంగతులు. పొడి ఇసుకలో, దిబ్బకి ఆనుకుని ఉన్నవి తప్ప మిగతావాటి జోలికి పోవద్దు.

ఇప్పుడు ఓడ. చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరగండి. రేకులు ఊడిపోయి చట్రం మిగిలిన చోట లోపలి కట్టుబడి కనిపిస్తుంది, రివెట్లు వరుసగా పొదిగి ఉంటాయి. తర్వాత ముక్కు నుంచి వెనక్కి, ఇసుకలో తేలే పక్కటెముకల గీతను కళ్లతో పట్టుకుని నడవండి. బాగా నీళ్లు తీసిన రోజైతే స్తంభాలు నిలిచిన చోట్లు కూడా కనిపిస్తాయి. ఎక్కొద్దు. పిల్లలు ఎక్కుతున్నారని మీ పిల్లల్నీ ఎక్కించొద్దు. వంద ఏళ్లు దాటిన తుప్పు, ఎప్పుడు ఏ ముక్క ఊడుతుందో ఎవరూ చెప్పలేరు. గుర్తుగా ఒక తుప్పు ముక్క జేబులో వేసుకోవడం కూడా కుదరదు. స్టేట్ పార్కులోని చారిత్రక వస్తువు అది.

ఒక సంగతి పెద్దవాళ్లకి చెప్పండి, ఆసక్తిగా వింటారు. 1942 జూన్ 21 రాత్రి జపాన్ జలాంతర్గామి ఐ-25 ఈ తీరానికి వచ్చి ఫోర్ట్ స్టీవెన్స్ కోట మీద 17 గుండ్లు పేల్చింది. తమ ఉనికి బయటపడకూడదని కోటలోని సైన్యం తిరిగి కాల్చలేదు. పోయింది బేస్‌బాల్ మైదానం దగ్గరి కంచె, కొన్ని తీగలు. కానీ ఆ తర్వాత శత్రువు ఒడ్డున దిగుతాడేమోనని తీరం పొడవునా ముళ్లతీగ పరిచారు, ఈ ఓడ శిథిలాన్ని కూడా అందులో చుట్టేశారు. యుద్ధం అయ్యేదాకా అలాగే ఉంది. గాలివానకి ఒడ్డెక్కిన ఓడ, ముప్ఫై ఆరేళ్ల తర్వాత కోట గోడలో భాగమైంది!

భూమి కంపిస్తే సైరన్ కోసం చూడకుండా, సామాన్లు వదిలేసి ఎత్తైన చోటికి, లోపలికి వెళ్లిపోవాలి. ఈ తీరానికి ఎదురుగా సముద్రం అడుగున పెద్ద భూకంప పగులు ఉంది, అందుకే రోడ్ల పక్కన సునామీ దారి చూపే నీలం బోర్డులు ఉంటాయి. పార్కింగ్‌లోకి వచ్చేటప్పుడే ఒకటి చూసి పెట్టుకోండి.

ఫొటోలు

కోరమండల్ తీరంలో పెరిగిన మనకి సముద్రంలోంచి సూర్యుడు రావడం తెలుసు, సముద్రంలోకి దిగడం కొత్త. ఇక్కడ ఓడ వెనకే దిగుతాడు. ఓడ నల్లగా, ఆకాశం రంగుల్లో రావాలంటే ఫోన్ తెర మీద ఆకాశం భాగాన్ని తాకి వెలుతురు తగ్గించండి. నీళ్లు తీశాక మిగిలిన పలచటి నీటి పొరలో ప్రతిబింబం దొరుకుతుంది, దానికోసం ఫోన్‌ను నేలకి దగ్గరగా పట్టుకోవాలి. సూర్యుడు మునగగానే జనం కార్లవైపు పరిగెడతారు. మీరు ఇంకో ఇరవై నిమిషాలు ఆగండి. రంగులు అప్పుడే ముదురుతాయి, ఫ్రేమ్‌లో మనుషులూ ఉండరు. మధ్యమధ్యలో లెన్స్ తుడుస్తూ ఉండండి, ఉప్పు తుంపర పట్టి ఫొటోలన్నీ మసకగా వస్తాయి. మనుషులతో గ్రూప్ ఫొటో తీసేటప్పుడు అందరూ సముద్రానికి వీపు పెట్టి నిలబడతారు కాబట్టి, తీసేవాళ్లు కెమెరాతో పాటు అలల మీద కూడా కన్నేసి ఉంచాలి.

మిగిలిన పూట ఎలా గడపాలి

ఉదయం ఆటు దొరికితే ముందు ఓడ, తర్వాత ఆస్టోరియా. సాయంత్రం దొరికితే తిరగేసుకోండి. నన్నడిగితే రెండోదే బాగుంటుంది. ఆస్టోరియాలో కొలంబియా రివర్ మారిటైమ్ మ్యూజియం చూసి వస్తే, ఈ నది ముఖద్వారం ఎందుకు ఓడల శ్మశానమైందో అర్థమవుతుంది. పెద్ద నది జోరుగా దిగే చోట పసిఫిక్ అలలు ఎదురొస్తాయి, మధ్యలో ఇసుకమేటలు చోటు మారుతూ ఉంటాయి. 1792 నుంచి ఇక్కడ సుమారు రెండు వేల ఓడలూ పడవలూ మునిగాయని లెక్క. ఈ రోజుకీ పెద్ద ఓడలు దారి తెలిసిన స్థానిక ఓడ పైలట్ ఎక్కితే తప్ప నదిలోకి రావు. అవన్నీ పోయి, తీరిగ్గా నడిచి చూడగలిగేలా మిగిలిన పీటర్ ఐర్‌డేల్‌ను ఆ లెక్కతో చూస్తే బాగుంటుంది.

ఆస్టోరియా కాలమ్ అనే ఎత్తైన స్తంభం కూడా ఉంది, 164 మెట్లు. మోకాళ్లు బాగున్నవాళ్లకి మాత్రమే. పిల్లలు పైనుంచి బాల్సా చెక్క బొమ్మ విమానాలు వదులుతారు.

పార్కులోనే ఓడకి దగ్గర్లో బ్యాటరీ రస్సెల్ అని పాత ఫిరంగుల స్థావరం ఉంది. కాంక్రీటు గదుల్లో తిరగడానికి టార్చి పట్టుకెళ్లండి. ఇంకా సమయం ఉంటే పార్కు ఉత్తరపు కొసన సౌత్ జెట్టీ అనే రాళ్ల కట్ట దగ్గర నుంచి నదిలోకి వచ్చే ఓడల్ని చూడొచ్చు. జెట్టీ రాళ్ల మీద మాత్రం నడవకండి.

తిరుగు ప్రయాణం

సూర్యాస్తమయం చూసి బయల్దేరితే వారెంటన్, గేర్‌హార్ట్ మధ్య నెమ్మదిగా నడపండి. ఎల్క్ అనే పెద్ద దుప్పుల మందలు రోడ్డు దాటుతూ ఉంటాయి. ఒకటి దాటిందని యాక్సిలరేటర్ నొక్కొద్దు, వెనక ఇంకా ఉంటాయి. కొండల్లో పెట్రోలు బంకులు తక్కువ కాబట్టి సీసైడ్‌లోనే నింపుకోండి. 2023 ఆగస్టు నుంచి ఒరెగాన్‌లో మన కారులో మనమే పెట్రోలు కొట్టుకోవచ్చు, పాత అలవాటు కొద్దీ ఎవరైనా వచ్చి కొడతారని అద్దం దించుకుని కూర్చోకండి. బూట్లు డిక్కీలో పెట్టే ముందు ఇసుక దులపండి, ఇనుప రేకులు దాటుకుని వచ్చారు కాబట్టి బూట్ల అడుగులు ఒకసారి చూసుకోండి.